పందొమ్మిదో తారీఖు పేజీ

"లోపల చదవకూడదు," అంది మందుల షాపు అమ్మాయి, వెన్ను ఊడిన అనుదిన ధ్యాన పుస్తకాన్ని మా బల్ల మీద పెడుతూ.

చదవకుండా బైండింగ్ ఎలా చేయాలో ఆవిడే చెప్పాలి. రోజుకో పేజీ. పైన తారీఖు, ఒక వాక్యం, కింద మనసులో మాట రాసుకోవడానికి ఆరు గీతలు. వరస తప్పిందో లేదో చూసుకోవద్దూ? షాపు మా బాబాయిది. పాత పుస్తకమంటే నన్ను ముట్టుకోనివ్వని మనిషి, దీన్ని మాత్రం ఒకసారి తడిమి, నన్నే కుట్టమని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె ఒక్కరోజు కూడా రాయడం మానదట. అందుకని రోజూ సాయంత్రం వచ్చి, ఆ రోజు పేజీ అడిగి తీసుకుని, మూల స్టూలు మీద కూర్చుని రాసి వెళ్ళేది. నేను చూడనట్టు నటించేవాణ్ణి.

పదహారున కాగితాలు సర్దుతుంటే పదిహేడో పేజీ కంటపడింది. ఖాళీగా ఉండాల్సిన చోట ఆమె గుండ్రటి అక్షరాలు. "వాన. గొడుగు ఒకటే. అతని ఎడమ భుజం తడిసింది."

మర్నాడు వాన పడింది. ఆమెను రోడ్డు దాటించి వచ్చి చూసుకుంటే తడిసింది నా ఎడమ భుజమే. ఒళ్ళు జలదరించింది. సిగ్గులేకుండా ఆశ కూడా పుట్టింది.

ఆగలేక ముందుకు తిప్పాను. పద్దెనిమిదిలో, వేలికి సూది గుచ్చుకుంటే దాచాడని ఉంది. మర్నాడు ఎంత జాగ్రత్తపడ్డా గుచ్చుకుంది, దాచాను. పందొమ్మిదిలో, "ఈ రోజైనా అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ఇక ఆ షాపు గడప తొక్కను." ఆ తర్వాత అన్నీ తెల్ల పేజీలే.

పందొమ్మిదిన ఆమె కలం మూత పెట్టగానే అడిగేశాను. "నన్ను పెళ్ళి చేసుకుంటారా? రేపటి నుంచి రానని రాశారు. చదివాను, తప్పే."

ఆమె నవ్వలేదు. "అది నేను రాసింది కాదండీ. మా పిన్ని, ఇరవై రెండేళ్ళ కిందట రాసుకుంది. ఇందులో సంవత్సరం ఉండదుగా. నాకు అక్షరాలు దిద్దించింది తనే. మిగిలిన గీతల్లో నేను రాసుకుంటున్నా."

"మరి వాన? సూది?"

"నాకూ భయంగానే ఉంది. మీరు అడుగుతారో లేదోనని పొద్దుట్నుంచి అన్నం సయించలేదు."

లోపల ఏదో కింద పడింది. పెళ్ళి మాటెత్తితే ఎప్పుడూ మాట మార్చే బాబాయి, జిగురు చేతులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మీ పిన్ని ఎక్కడుందమ్మా?"

"రోడ్డు అవతలే నిలబడి ఉందండీ. గడప తొక్కనని రాసుకుంది కదా."

బాబాయి చేతులు కడుక్కోకుండానే గొడుగు తీసుకుని, అప్పుడే మొదలైన వానలోకి దిగాడు. కాసేపటికి ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇటు నడిచి వస్తున్నారు. ఆయన ఎడమ భుజం తడుస్తోంది.

మందుల షాపు అమ్మాయి కలం మూత మళ్ళీ తీసి, ఆ పేజీలో మిగిలిన చివరి గీత మీద రాసింది. "అడిగాడు. సరేనన్నాను."

ఈసారి చదవొద్దనలేదు.