హోలీ రోజు వేసిన పైపు

శాంతమ్మ గుమ్మం ముందు రెండోసారి ఊడ్చి, చీపురు గోడకి ఆనించి, వీధి వైపు విసుగ్గా చూసింది. మొదటిసారి ఊడ్చిన చోట అప్పుడే మళ్ళీ ఎర్రమట్టి పొర పరుచుకుంది. నాలుగు నెలలుగా ఇదే తంతు. ఈ హిందీ ఊళ్ళో, దేవేంద్ర నగర్‌లో వాళ్ళ వీధి మీదుగా స్తంభాలపై నడిచే రైలు లైను వస్తుందట. రైలు సంగతి దేవుడెరుగు, ఇంకా ఒక్క స్తంభమూ లేవలేదు. ముందు కరెంటు వాళ్ళు తవ్వి పూడ్చారు. పూడ్చిన చోటే టెలిఫోను వాళ్ళు తవ్వారు. వాళ్ళు వెళ్ళీ వెళ్ళకముందే డ్రైనేజీ వాళ్ళు దిగారు. భూమి కింద ఏమేమి ఉన్నాయో చూసి, ఉన్నవాటిని పక్కకి జరిపితే తప్ప స్తంభం పని మొదలుపెట్టకూడదట.

అలా చూసే ఉద్యోగం తన కూతురు రెబెకాదే కావడంతో వీధి వీధంతా వచ్చి శాంతమ్మనే నిలదీసేది. "మా స్కూటర్ ఇంట్లోకి ఎప్పుడు వస్తుందో మీ ఇంజనీరమ్మనడిగి చెప్పండి ఆంటీ" అని ఎదురింటి రజని నిన్న కూడా ఓ మాట విసిరింది.

ఆమె లోపలికి వచ్చేసరికి రెబెకా నిలబడే అటుకుల పోహా తింటోంది.

"కూర్చుని తినవే. ఆ గొయ్యి ఎక్కడికీ పారిపోదు."

"ఇవాళ మన వీధిలోనే అమ్మా. మల్లేశ్వరరావు అంకుల్ గేటు ముందు. ఛాతీ లోతు చేత్తో తవ్వించి, కింద ఏమీ లేదని నేను సంతకం పెట్టాలి. ఆ తర్వాతే స్తంభం కోసం బోరు మిషను దింపుతారు."

శాంతమ్మ మళ్ళీ వడ్డించబోయిన గరిటె ఆగిపోయింది.

రెబెకా పళ్ళెం సింకులో పడేసి వరండాలోకి నడిచింది. రైల్వేలో ముప్ఫై రెండేళ్ళు పైపుల పని చేసి రిటైరైన జోసెఫ్ అక్కడ పేపరు చదువుకుంటున్నాడు.

"నాన్నా, ఈ వీధి నీకు తెలిసినంతగా కార్పొరేషన్ మ్యాపుకి తెలీదు. అంకుల్ గేటు ముందు కింద ఏమైనా ఉందా?"

జోసెఫ్ పేజీ తిప్పాడు. "ఏముంటుంది? ఏమీ లేదు."

"పక్కాగా చెప్పు. తెలీబంధా పేటలో ఫోను కేబుల్ తెగినప్పుడు ఒక మెమో ఇచ్చారు. ఇంకోటి వచ్చిందంటే ఇంటికే."

"చెప్పాను కదమ్మా, లేదని."

ఆ మాట చాలు రెబెకాకి. హెల్మెట్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

గేటు మూసిన చప్పుడు అయ్యేదాకా ఆగి శాంతమ్మ భర్త ఎదుటికి వచ్చింది. "ఏమీ లేదా?"

జోసెఫ్ పేపరు దించలేదు.

ఇరవై ఏళ్ళ కిందట ఈ వీధికి కుళాయి లేదు. ట్యాంకరు సరిగ్గా శాంతమ్మ రైల్వే ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నప్పుడే వచ్చి పోయేది. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చి, అయిదేళ్ళ రెబెకాని పక్కింట్లో దింపి, మళ్ళీ రెండు వీధుల అవతల బోరింగు దగ్గర వరసలో నిలబడేది. ఒక చలికాలం పొద్దున ఆ వరసలోనే కళ్ళు తిరిగి బకెట్టుతో సహా పడిపోయింది. జోసెఫ్ ఆ ఏడు హోలీ రోజు, ఆఫీసులన్నీ మూసి, సగం ఊరు మత్తులో ఉన్నప్పుడు, మల్లేశ్వరరావునీ మరో ముగ్గురినీ కూడగట్టి రోడ్డు తవ్వాడు. మెయిన్ రోడ్డులోని పెద్ద పైపుకి దొంగచాటుగా ప్లాస్టిక్ పైపు కలిపి అయిదిళ్ళకీ నీళ్ళు తెచ్చాడు. ముఖాల నిండా రంగులు. దారిన పోయేవాళ్ళు వాళ్ళ మీద ఇంకాస్త గులాల్ చల్లి పోయారే గాని, ఎవరు, ఎందుకు తవ్వుతున్నారని అడగలేదు. ఆ తర్వాత ఆ వీధికి నీళ్ళు వస్తున్నాయని కార్పొరేషన్ వాళ్ళూ అనుకున్నారు. ఎక్కణ్ణుంచని ఎవరూ చూడలేదు.

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు జోసెఫ్ చివరికి. "చర్చి సంఘంలో పెద్దనై నిలబడి పదిమందికి బుద్ధి చెప్పేవాణ్ణి. నీళ్ళు దొంగిలించాడని నా కూతురి చేతే రాయించమంటావా?"

"మరి పైపు పగిలితే?"

"గొయ్యి తవ్వితే అదే కనబడుతుంది. నడుం లోతునే వేశాం. ఎవరు వేశారో వాళ్ళకేం తెలుస్తుంది? పక్కకి జరుపుతారు, అయిపోతుంది."

"నడుం లోతు ఎప్పటి మాటండీ? అప్పుడు మన గుమ్మం రోడ్డుకి సమానంగా ఉండేది. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి, ఇప్పుడు వీధిలోకి వెళ్ళాలంటే మెట్లెక్కాలి. రోజూ ఊడ్చేది నేను. వాళ్ళు ఛాతీ లోతు తవ్వితే మీ పైపు ఇంకా కిందే ఉంటుంది."

జోసెఫ్ ఏదో అనబోయేంతలో గేటు తోసుకుని మల్లేశ్వరరావు వచ్చాడు. బనీనుతోనే వచ్చేశాడు.

"జోసెఫ్ గారూ, మాట అంటే మాటే. అయిదిళ్ళ వాళ్ళం ఒట్టేసుకున్నాం. ఇవాళ నోరు విప్పామా, రేపట్నించి మళ్ళీ బకెట్లే. చెల్లెమ్మా, మీరన్నా కాస్త చెప్పండి ఆయనకి."

"చెబుతూనే ఉన్నానన్నయ్యా. వింటేగా."

మల్లేశ్వరరావు ఆమె తన పక్షానే ఉందనుకుని తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు. జోసెఫ్ లేచి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. శాంతమ్మ వంటింట్లో గిన్నెలన్నీ అవసరమైన దానికంటే గట్టిగా తోమింది. తను ఆ నీళ్ళతోనే ఇల్లు నడిపింది. పిల్లని పెంచింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గిన్నెల మీద చూపించింది.

మధ్యాహ్నం కూతురికి టిఫిన్ డబ్బా పట్టుకుని శాంతమ్మ వెళ్ళేసరికి గొయ్యి పూర్తయింది. మల్లేశ్వరరావు గేటు పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. ఇద్దరు కూలీలు అడుగున మట్టి ఎత్తుతున్నారు. పక్కనే బోరు కోసం మూడు కాళ్ళ ఇనుప చట్రం నిలబెట్టి ఉంది. సూపర్‌వైజరు యోగేష్ కాగితాలు అట్టకి తగిలించి రెబెకా ముందు పట్టుకున్నాడు.

"ఖాలీ హై మేడమ్. సైన్ కర్ దీజియే. మిషన్ ఖడీ హై." కింద ఖాళీయేనని, మిషను ఊరికే నిలబడి ఉందని అతని తొందర.

"ఒక్కసారి ఇంకాస్త లోతు చూద్దామా?" అంది రెబెకా హిందీలో. అంతలోనే తల అడ్డంగా ఊపింది. "వద్దులే. మా నాన్న ఈ వీధిలో పాతికేళ్ళుగా ఉన్నారు. ఏమీ లేదని చెప్పారు. ఆయన అబద్ధం చెప్పరు."

పెన్ను మూత తీసింది.

"సంతకం పెట్టకు" అంది శాంతమ్మ. "ఇంకో మూర తవ్వించు. పైపు ఉంది."

రెబెకా తల్లి చెయ్యి పట్టుకుని, పని చోటుకి అడ్డంగా నిలబెట్టిన రేకుల వెనక్కి తీసుకెళ్ళింది. "నీకెలా తెలుసు?"

"ఆ రోజు మట్టి ఎత్తి పోసింది నేనే కాబట్టి."

చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. వింటున్నంతసేపూ రెబెకా హెల్మెట్ పట్టీని వేలికి చుట్టుతూ విప్పుతూ ఉంది.

"పొద్దున నేను అడిగినప్పుడు నువ్వూ ఇంట్లోనే ఉన్నావుగా అమ్మా."

శాంతమ్మ టిఫిన్ డబ్బాని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"చిన్నప్పుడు క్లాసులో ఎవరిదో పెన్సిలు తెచ్చానని నాన్న నన్ను ఎండలో నడిపించుకెళ్ళి తిరిగి ఇప్పించాడు. పక్కపిల్లలందరి ముందూ సారీ చెప్పించాడు. ఆ మనిషి నాకు అబద్ధం చెప్పాడు. మిషను ఆ పైపులో దిగితే, మెయిన్ రోడ్డు దాకా బద్దలై సగం కాలనీకి నీళ్ళుండవు. నా ఉద్యోగం సరే, పోతే పోనీ. ఆ చట్రం కింద నిలబడేవాళ్ళ మీద అది ఒరిగిపోతేనో?"

"నాకోసం వేశాడమ్మా. నేను నీళ్ళ వరసలో పడిపోయానని."

"వేశాడు, సరే. మరి నాకోసం ఒక్క మాట చెప్పలేకపోయాడా?"

ఆ మాటకి జవాబు చెప్పవలసినవాడు రేకుల ఇవతలే నిలబడి ఉన్నాడు. జోసెఫ్ ఎప్పుడు వచ్చాడో ఇద్దరూ చూడలేదు. ముఖం కడుక్కుని, మంచి చొక్కా వేసుకుని వచ్చాడు, ఎవరింటికో పరామర్శకి వెళ్ళేవాడిలా.

"ఆలోచించండి జోసెఫ్ గారూ" అన్నాడు మల్లేశ్వరరావు గేటు దగ్గర్నుంచి.

"పొద్దుట్నుంచీ ఆ పనే చేస్తున్నానండీ. రేపట్నించి మీ బకెట్టు కూడా నేనే మోసి పెడతాను. పిల్లని మాత్రం ముంచలేను."

గుర్తులు వెయ్యడానికి తెచ్చిన సున్నం డబ్బా యోగేష్ కాళ్ళ దగ్గర ఉంది. జోసెఫ్ దాన్ని తీసుకుని మెయిన్ రోడ్డు చివర నుంచి మొదలుపెట్టాడు. వంగి, మోకాలు పట్టుకుని, ఆగుతూ ఆగుతూ గీత గీశాడు. గీత గోతి ఒక అంచున ఆగి, సరిగ్గా ఎదుటి అంచున మళ్ళీ మొదలైంది. కూలీలు గొయ్యి వదిలి పైకెక్కారు. గీత ఒక్కొక్క గేటు దగ్గరా కొమ్మలా పక్కకి విడిపోయి, చివరికి జోసెఫ్ సొంత గుమ్మం దగ్గర ఆగింది. రజని స్కూటర్ మీద చెయ్యి వేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. మల్లేశ్వరరావు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

కూలీలు మళ్ళీ దిగి మూరెడు తవ్వేసరికి బూడిదరంగు పైపు వీపు బయటపడింది. యోగేష్ నుదురు తుడుచుకుని ఎవరికో ఫోను చేశాడు. మిషను పని ఆపారు. ఈ నీళ్ళు రేపు కట్టేస్తారు. కొత్త లైను వేసేదాకా పది పదిహేను రోజులు ట్యాంకరే.

రెబెకా పాత కాగితం తీసేసి కొత్తది పెట్టింది. తండ్రి వైపు చూడకుండా రాస్తోంది. పైపు ఎక్కడుంది, ఎంత లోతు, ఏ రకం. చివర్లో సమాచారం ఇచ్చినవారి పేరు అన్న చోట 'స్థానికులు' అని రాసింది.

జోసెఫ్ ఆమె భుజం మీదుగా చూశాడు. "స్థానికులు కాదు. నా పేరు రాయి."

"పేరు రాస్తే నోటీసు నీకే వస్తుంది నాన్నా."

"రానీ. నేను వేశానని రాయి. పొద్దున అడిగితే లేదన్నానని కూడా రాసుకో."

"దానికి ఇందులో చోటు లేదు" అంది రెబెకా. కాగితం మీద పడ్డ చుక్కని అరచేత్తో తుడిస్తే 'స్థానికులు' అన్న మాట అలికిపోయింది. దాని మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన 'జోసెఫ్' అని రాసింది.

శాంతమ్మ దగ్గరికి వచ్చి అట్ట మీద వేలు పెట్టింది. "కింద నాది కూడా రాయి. మట్టి నేను ఎత్తాను, నోరు నేనూ మూసుకున్నాను."

"ఒక్క పేరుకే గడి ఉందమ్మా."

"అయితే చిన్నక్షరాలతో రాయి."

రెబెకా ముక్కు ఎగబీల్చి, ఏడుస్తూనే చిన్నగా నవ్వింది. గడి అంచుకి ఆనించి, తండ్రి పేరు కింద తల్లి పేరు ఇరికించి రాసింది.