కడగని చివరి వరస

"ఈ ఆకుల్ని ఎవరండీ కడిగింది?"

గ్రీన్‌హౌస్ తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి అన్న మొదటి మాట అదే. పలకరింపు లేదు, పాడు లేదు. భుజాన ఐస్ పెట్టె, చేతులకు గ్లవ్స్, ముక్కు మీద కోపం.

"నేనేనండీ," అన్నాడతను, మెచ్చుకుంటుందేమోనని ఎదురుచూస్తూ. "ల్యాబ్ నుంచి మీరొస్తున్నారుగా. మురికి ఆకులు చూపిస్తే ఏం బాగుంటుంది? పొద్దున్నే లేచి పంతొమ్మిది వరసలు మందునీళ్ళతో కడిగేశాను."

"ఏం మందు?"

"నేల తుడిచేది. క్రిములన్నీ చస్తాయని డబ్బా మీదే రాసుంది. పలచగానే కలిపాన్లెండి."

ఆమె తల పట్టుకుంది. "ఆ క్రిముల కోసమే కదండీ బాబూ నేనొచ్చింది!"

పాపం, అతని మొహం చూడాలి అప్పుడు. చేసింది అంత చాకిరీ, దక్కింది ఇన్ని చీవాట్లు. తిరిగి కోపం తెచ్చుకుందామంటే, తిట్టే మనిషి కళ్ళు అంత బాగుంటే ఎలా వస్తుంది?

అతని కష్టం అతనిది. ఆ టమాటా తోటలో రెండు పంటలు వరసగా ఆకుమచ్చ తెగులు పాలయ్యాయి. తండ్రి పోయాక ఇరవై ఏళ్ళు ఆ ప్లాస్టిక్ కప్పు కింద రెక్కలు ముక్కలు చేసుకున్న తల్లి, "ఈసారి కూడా పోయిందంటే మూసేస్తాను. ఇక నావల్ల కాదు," అని తేల్చేసింది. అతనికేమో ఆ మొక్కల మధ్య తప్ప ఎక్కడా ఊపిరాడదు. అందుకే ల్యాబ్‌కి ఫోన్ చేసి బతిమాలాడు. తీరా ఆమె వచ్చేసరికి ఇదీ నిర్వాకం.

"ఒక్క మొక్కయినా వదిలారా?"

"ఇరవయ్యో వరస. డబ్బా అయిపోయింది," అన్నాడు నేరం ఒప్పుకుంటున్నట్టు.

ఆమె మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. కడిగిన ఆకు ఒకటి, కడగని ఆకు ఒకటి కోసి పెట్టెలో పెట్టుకుంది. "వచ్చే శనివారం ల్యాబ్‌కి రండి టమాటా గారూ. మీరు కడిగిపారేసింది ఏమిటో చూపిస్తాను."

టమాటా గారట! వారమంతా ఆ పిలుపే చెవుల్లో తిరిగింది.

శనివారం ఆమె అతని ముందు రెండు గాజు పళ్ళేలు పెట్టింది. రెండింట్లోనూ జెల్లీ. "వీటి మీద ఆకుని ఒక్కసారి అద్ది తీసేశాను. అంతే. ఇంకేం చెయ్యలేదు."

మొదటిది కడిగిన ఆకుది, ఇంచుమించు ఖాళీ. రెండోది చూసి అతను నోరు తెరిచాడు. జెల్లీ మీద ఆకు! అంచున ఒంపులు, నడి ఈనె, పక్క ఈనెలు, అన్నీ గులాబీ, పసుపు, పాలతెలుపు చుక్కలతో ఎవరో కూర్చుని గీసినట్టున్నాయి.

"ఇవన్నీ మా ఆకు మీదే ఉన్నాయా?"

"ఎప్పటినుంచో. ఇప్పుడు మీకు కనపడుతున్న ఒక్కో చుక్కలో లక్షల ప్రాణులున్నాయి."

ఆమె మూడో పళ్ళెం జరిపింది. అందులో ఆ పసుపు చుక్కనీ, ల్యాబ్‌లో దాచి ఉంచిన తెగులునీ ఎదురెదురుగా పెంచింది. "ఈ బూడిదరంగు బూజే మీ తెగులు. ఎలా పాకుతూ వచ్చిందో చూశారా? ఈ పసుపు చుక్క దగ్గర ఆగిపోయింది. ఆకు మీద ఊరే కాస్త తీపినీ ఇవి ముందే తినేస్తాయి. తెగులుకి చోటుండదు, తిండీ ఉండదు. కొన్నయితే దాన్ని దగ్గరికే రానివ్వవు."

బూజుకీ చుక్కకీ మధ్య వేలి మందాన ఖాళీ. అతను ఆ ఖాళీనే చూస్తూ ఉండిపోయాడు. పుట్టినప్పటినుంచి ఆ ఆకుల్ని తాకుతున్నాడు. తన వేళ్ళ కింద ఇంత లోకం ఉందని ఒక్కనాడైనా తెలియలేదు.

"వీటినా నేను చంపేసింది?" అన్నాడు.

"తెలీక చేశారు," అంది ఆమె. ఈసారి ఆ మాటలో కోపం లేదు.

ఇంటికొచ్చేసరికి నాలుగో వరసలో మచ్చలు. నాలుగు రోజుల్లో తొమ్మిది వరసలు. కడగని వరసలో మాత్రం ఒక్కటీ లేదు.

"అయిపోయింది నాన్నా. పీకేద్దాం," అంది తల్లి.

"తప్పు నాదమ్మా. ఒక్క నెల ఆగు. నీకు దణ్ణం పెడతాను."

ఇరవయ్యో వరస ఆకుల మీద దొరికిన ప్రాణుల్ని ల్యాబ్ అమ్మాయి పెంచి డబ్బాల్లో తెచ్చింది. "మచ్చపడ్డ ఆకుల్ని ఇవి బాగుచెయ్యలేవు, తుంచేద్దాం. కొత్త చిగుళ్ళకి కాపలా పెడదాం. గ్యారంటీ మాత్రం అడక్కండి."

ప్రతి శనివారం సాయంత్రం ఇద్దరూ చెరో వరస పట్టుకుని పిచికారీ చేశారు. వాన వస్తే కప్పు మీద ఒకటే మోత.

"మెల్లగా కొట్టండి టమాటా గారూ! నేల తుడవట్లేదు!" అని ఆమె అరిచేది.

"ఇంకెన్నాళ్ళు దెప్పుతారండీ?"

"మీరు ఎర్రబడ్డం మానేదాకా!"

నెల గడిచింది. పాత ఆకులు పోయిన చోట కొత్తవి విప్పారాయి. ఆమె ఒక్కొక్క వరసే తిరిగి చూసింది. ఎక్కడో రెండు మచ్చలు, అంతే. కొత్త ఆకు అద్దిన పళ్ళెం తెచ్చి అతని తల్లి చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఇరవై ఏళ్ళు నేనొక్కదాన్నే కాస్తున్నాననుకున్నానమ్మాయ్," అంది. ఆవిడ కళ్ళు తడయ్యాయి. "ఇంతమంది ఉన్నారా నాతో!" మూసేసే మాట ఇంకెత్తలేదు. పళ్ళెం పట్టుకుని వరసల్లోకి వెళ్ళిపోయింది.

అతనికి సంతోషంతో పాటే దిగులూ పట్టుకుంది. పనైపోయింది. ఇంకెందుకొస్తుంది?

"వచ్చే వారం శాంపిల్స్ అక్కర్లేదేమో కదండీ," అన్నాడు నేల చూస్తూ.

"రెండు వారాలుగా నాకు ఒక్క ఆకు కూడా అక్కర్లేదు," అంది ఆమె గ్లవ్స్ విప్పుతూ. "అయినా వచ్చాను."

అతను తలెత్తాడు. ఆమె మొహమే టమాటాలా ఉంది ఇప్పుడు. ఇంత పెద్ద సంగతి కూడా అతనికి కనపడకుండా పక్కనే ఉందన్నమాట.

"నువ్వు రాని శనివారం నాకొద్దు," అన్నాడు.

"నాక్కూడా వద్దు," అంది మొక్కల వెనక నుంచి అతని తల్లి.