దీర్ఘం లేని తాఉవ

“సిడ్నీలో పెరిగితే పెరిగావు, దీర్ఘాలన్నీ అక్కడే పారేసి వచ్చావా?”

కంప్యూటర్లు చూసే తామతి ఇంకా సమాధి రాళ్ల షాపు గుమ్మం దాటనేలేదు. మతెరోవా నుంచి అతనికి దక్కిన స్వాగతం ఇది. బయట న్యూజిలాండ్ ఊరు గిస్‌బోర్న్ అంతా ఒకటే వాన.

“ఏమైందో చెప్పి తిట్టొచ్చుగా?”

“నిన్న కొత్త కంప్యూటర్ పెట్టింది నువ్వేగా? మన మావోరీ భాష కీబోర్డ్ ఏది?”

“లిస్టులో ఇంగ్లీషుదీ అదీ రెండున్నాయి. గందరగోళం ఎందుకని ఒకటి తీసేశా.”

ఆమె చూసిన చూపుకి రాయి పగలాలి. ఆ షాపులో రాళ్లకి కొదవ లేదు. సమాధి రాళ్ల మీద ఆమె టైప్ చేసిందే మిషన్ చెక్కుతుంది.

“హోహెపా తాత భార్య రాయి ఇది. కింద ‘తాఉవ’ అని చెక్కమన్నాడు. మన భాషలో మనిద్దరం అని. ఒకటి అంకె పక్క మీట నొక్కి ‘ఎ’ లాంటి అచ్చు కొడితే దానిమీద దీర్ఘం గీత పడాలి. పడట్లేదు. గీత లేకపోతే ‘తఉవ’ అవుతుంది. అంటే ఏంటో తెలుసా?”

“తెలీదు.”

“యుద్ధానికి బయల్దేరిన దండు! తన కళ్ల ముందే చెక్కాలని ఇంకాసేపట్లో వస్తున్నాడాయన. శనివారం అందరి ముందూ రాయి మీది ముసుగు తీస్తారు. రాయి మీద తప్పు పడితే చెరపడానికి రబ్బరు లేదు తామతీ.”

మౌస్ పనిచేయట్లేదన్నా తామతి పరిగెత్తుకొచ్చేది ఈమె కోసమే. ఈ రాయి పాడైతే ఈమె తన మొహం చూడదు.

సెట్టింగ్స్ తెరిచి మావోరీ కీబోర్డ్ మళ్లీ చేర్చాడు. ఖాళీ పేజీలో కొట్టి చూస్తే గీత పడింది. చెక్కే ప్రోగ్రాంలో మాత్రం పడలేదు.

“ఇదేంటి?” అంది మతెరోవా.

“పాత కీబోర్డ్‌నే పట్టుకుని వేలాడుతోంది. మూసి మళ్లీ తెరవాలి. డిజైన్ సేవ్ చేశావా?”

“చేశా... అనుకుంటా.”

“అనుకుంటావా!”

అప్పుడే తలుపు చప్పుడైంది. హోహెపా తాత టోపీ తీసి, నీళ్లు దులుపుకుని, రాయి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తామతి ప్రోగ్రాం మూశాడు. తెరిచాడు. డిజైన్ చెక్కుచెదరలేదు. మతెరోవా మీట నొక్కి, అచ్చు కొట్టింది. గీత పడింది. మిషన్ కదిలింది.

చెక్కడం అయ్యాక ముసలాయన ఆ మాటని వేలితో తడుముతూ ఉండిపోయాడు.

“మీ మొహాలు అలా ఉన్నాయేంటి?” అన్నాడు చివరికి.

మతెరోవా జరిగింది దాచకుండా చెప్పింది. ఆయన పగలబడి నవ్వాడు.

“గీత లేకపోయినా అబద్ధం కాదమ్మాయ్! రీపెకాతో నా కాపురమంతా యుద్ధమే. గెలిచేది ఎప్పుడూ ఆవిడే.” నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. “ఇప్పుడు ఇంట్లో నన్ను తిట్టే దిక్కు లేదు.”

తామతికి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఇన్నాళ్లూ నోట్లో నానుతున్నది ముసలాయన ముందే బయటపడింది.

“మతెరోవా, నువ్వు నన్ను బతికున్నంతకాలం తిడతావా?”

ఆమె మొహం కందిపోయింది.

“శనివారం ముసుగు తీశాక మా ఇంటికి రా,” అంది. “మా అమ్మ నాకంటే బాగా తిడుతుంది.”