ఆరున్నరకి ఓడ కదులుతుంది

వ్యాన్ మలుపు తిరుగుతోంది. టైర్లు కీచుమంటున్నాయి.

బ్రేక్ ఒకసారి పడుతోంది. ఇంకోసారి పడటం లేదు!

"అక్కా... మెల్లగా... అక్కా!"

"నోరు మూసుకో!"

అద్దంలో డ్రైవర్ కనిపిస్తున్నాడు. రోడ్డు మధ్యలో చేతులూపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. ఒక కాలి చెప్పు ఊడిపోయింది. అయినా ఆగడం లేదు.

ఇంకో మలుపు.

చెప్పూ పోయింది... వాడూ పోయాడు.

టైమ్ ఐదూ యాభై ఎనిమిది.

కొండ కింద, మసక చీకట్లో, రేవు. రేవులో ఓడ. పద్నాలుగు అంతస్తుల నిండా దీపాలు. ఇక్కణ్ణుంచి చూస్తే అరచేతిలో పట్టేంత ఉంది.

ఆరున్నరకి కదులుతుంది.

స్టీరింగ్ పట్టుకున్న ఆవిడ హెడ్ కానిస్టేబుల్. పద్దెనిమిదేళ్ల సర్వీసు. గొలుసు దొంగల్ని చూసింది, దొంగ స్వాముల్ని చూసింది, లాకప్‌లో కూర్చుని జామీను కోసం బేరమాడినవాళ్లని చూసింది. పక్క సీట్లో ఉన్నవాడిలాంటి మనిషిని మాత్రం చూడలేదు.

వాడు సాక్షి.

రంగుల ఫ్యాక్టరీలో స్టోర్ గుమాస్తా. ఫ్యాక్టరీ తగలబడినప్పుడు యజమాని మనుషులు బయటి నుంచి గేటుకి తాళం వేస్తుంటే గోడచాటు నుంచి వీడియో తీశాడు. గేటు లోపల ఇరవై ముగ్గురున్నారు.

ఒక్కరూ బయటికి రాలేదు.

ఆ వీడియో ఒక మెమరీ కార్డులో ఉంది. నకలు చెల్లదు. రేపు పొద్దున తర్వాతి రేవులో దిగి, పది గంటలకి కోర్టులో అసలు కార్డే ఇవ్వాలి. ఇస్తే యజమాని లోపలికి. ఇవ్వకపోతే ఇరవై మూడు కుటుంబాల నోట్లో మట్టి.

విమానాశ్రయంలో కాపు కాస్తారని, రైలైతే మధ్యలో దింపేస్తారని, ఓడ ఎక్కించారు. ఓడలోకి పరాయివాడు రాలేడు. ఎక్కినా దిగినా తనిఖీ. ముగ్గురూ ఒక ఇంటివాళ్లన్నట్టు నాటకం. ఆమె అక్క. సాక్షి తమ్ముడు. పై అధికారి ఇన్‌స్పెక్టర్... మోకాళ్ల నొప్పుల బాబాయ్.

అంతా సవ్యంగానే ఉండేది. ఈ తమ్ముడికి ఆ జబ్బు లేకపోతే!

ఎక్కడైనా ఏదైనా సగం రేటుకి వస్తోందంటే వీడికి ఒళ్లు తెలియదు. ఆమె మనసులో వీడి పేరు సగంరేటు. అసలు పేరు తలుచుకోవడం కూడా ఎక్కువ మర్యాదే.

"ఎవడ్రా నీకు ఈ టూర్ అమ్మింది?"

"వెబ్‌సైట్ అక్కా. నాలుగున్నర స్టార్లు!"

"ఆ వెబ్‌సైట్ వాడు ఎవడికి అప్పజెప్పాడు?"

"వాళ్ల పార్ట్‌నర్‌కి."

"ఆ పార్ట్‌నర్?"

"ఇక్కడి పార్ట్‌నర్‌కి."

"ఆ ఇక్కడి పార్ట్‌నర్ ఎవడు?"

సగంరేటు తల తిప్పి వెనక అద్దంలోంచి కొండవైపు చూశాడు.

"ఇందాక చెప్పు పోయినతనే... అనుకుంటా."

ఛీ!

అసలు లింక్ ఎలా దొరికింది? అదీ అడిగింది. ఓడ ప్రయాణికులకి ఫోన్లో ఒక గ్రూప్ ఉందట. వీడు అందులో చేరాడట. 'మా ఓడ ఫలానా. మూడో రోజు రేవులో చవక టూర్ ఎవరికైనా తెలుసా?' అని అడిగాడట. అయిదు నిమిషాల్లో ఎవరో లింక్ పంపారట. జలపాతం, భోజనం, గైడ్... ఓడవాళ్ల రేటులో సగం!

దాక్కోవాల్సిన సాక్షి ఓడ పేరుతో సహా దండోరా వేశాడు!

"ఓడవాళ్ల డెస్క్‌లో ఆ అమ్మాయి నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పిందా లేదా? మా టూర్‌లో వెళ్తే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, బయటివాళ్లతో వెళ్తే ఆగదు అని?"

"చెప్పింది. బెదిరించి రెట్టింపుకి అమ్ముకుంటారక్కా వాళ్లు. మనం ఆమాత్రం కనిపెట్టలేమా?"

"కనిపెట్టావులే!"

పొద్దున వీడు ఓడ దిగుతుంటే మెట్ల దగ్గర పట్టుకుంది. 'డబ్బు కట్టేశానక్కా, వెనక్కి రాదు' అని అందరి ముందూ చంటిపిల్లాడిలా మారాం చేశాడు. బాబాయ్‌కి ఫోన్ చేస్తే, 'గొడవపడితే నలుగురూ చూస్తారు. వెళ్లనీ. వెంట నువ్వూ వెళ్లు' అన్నాడు.

వెళ్లింది.

జలపాతం అన్నది చూస్తే పగిలిన పైపులా ఉంది. భోజనం చల్లారిపోయింది. గైడ్ రానేలేదు. నాలుగున్నరకి వ్యాన్ మొరాయించింది. డ్రైవర్ బానెట్ ఎత్తి, అందులో తలదూర్చి, గంటసేపు దగ్గుతూ కూర్చున్నాడు.

ఆమె వెళ్లి చూసింది. బ్యాటరీ వైరు ఊడి లేదు... ఊడదీసి ఉంది!

వైరు తగిలించింది. తాళం గుంజుకుంది. ఇదీ సంగతి.

టింగ్!

డ్రైవర్ ఫోన్. స్టీరింగ్ పక్కన స్టాండ్‌లోనే మరిచిపోయాడు. తెర మీద మెసేజ్ వెలిగింది.

'ఆరున్నర దాకా కిందికి రానివ్వకు.'

సగంరేటు కూడా చదివాడు.

"అక్కా... మనల్ని చంపేస్తారా?"

"చంపాలనుంటే ఆ జలపాతం దగ్గరే చంపేవాళ్లు. అక్కడ కాకి కూడా లేదు. వీళ్లకి మనం అక్కర్లేదు. మనం ఆలస్యం కావాలి. అంతే."

ఎందుకు?

ఆలస్యమైతే ఏమవుతుంది? ఓడ వెళ్లిపోతుంది. కార్డు ఓడలో, వీడి కేబిన్ లాకర్‌లో ఉంది. కోడ్ వీడికొక్కడికే తెలుసు. కార్డు వెళ్లిపోతే వీళ్లకేం లాభం?

ఒక్కసారిగా ఆమె కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకుంది.

డెస్క్ అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది!

రాని ప్రయాణికుల కేబిన్లోకి ఓడ కదలడానికి పావుగంట ముందు ఇద్దరు ఆఫీసర్లు వెళ్తారు. లాకర్ తెరుస్తారు. పాస్‌పోర్టూ, మిగతా వస్తువులూ అన్నీ కవర్లో పెట్టి సీలు వేస్తారు. కిందికి తెచ్చి గట్టు మీద వాళ్ల తరఫువాళ్లకి ఇచ్చేస్తారు. పాపం, రేవులో మిగిలిపోయినవాళ్లు చేతిలో కాగితాల్లేక ఇబ్బంది పడకూడదని!

దొంగ ఓడ ఎక్కక్కర్లేదు. తాళం పగలగొట్టక్కర్లేదు. ఓడవాళ్లే తెరిచి, సీలు వేసి, గట్టు మీదికి తెచ్చిస్తారు!

"నీ సగం రేటు తగలెయ్య!"

ఆరూ అయిదు. ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. బాబాయ్‌కి కొట్టింది.

"బాబాయ్! తమ్ముడి లాకర్ తెరవనివ్వకండి! ఎవడైనా కవరు కోసం వస్తే పట్టుకోండి!"

"కంగారు పడకు. నేను చూసుకుంటాగా." గొంతు చల్లగా ఉంది. "ఎంత దూరంలో ఉన్నారు?"

"ఇరవై నిమిషాలు!"

"సరే. జాగ్రత్తగా రండి."

అమ్మయ్య. ఒక్కరైనా బుద్ధున్న మనిషి ఉన్నాడు.

ఆరూ పది. చివరి మలుపు. ఆరూ పదిహేను. గోదాముల వీధి. లారీ అడ్డం. పేవ్‌మెంట్ ఎక్కించింది. చెత్తడబ్బా ఎగిరింది!

"అక్కా, వ్యాన్‌కి దెబ్బ తగిలితే డిపాజిట్ ఇవ్వరేమో..."

ఆమె వాడివైపు చూసింది. వాడు కిటికీలోంచి బయటికి చూశాడు.

రేవు గేటు!

ఇనుప అడ్డకర్ర దించి ఉంది. కాపలావాడు చెయ్యెత్తాడు. వెనక ఇద్దరు, భుజాన తుపాకులు.

ఆగితే పాస్‌లు, ప్రశ్నలు, ఫోన్లు. పది నిమిషాలు.

ఆగలేదు.

ధడాల్!!

అడ్డకర్ర ఎగిరి వెనకెక్కడో పడింది. ముందద్దం సాలెగూడైంది. ఈలలు! కేకలు! బూట్ల చప్పుడు వెంటే వస్తోంది.

వ్యాన్ ఇక కదలనంది. ఆమె దిగింది. సగంరేటు కాలర్ పట్టుకుని లాక్కుంటూ పరుగు.

ఆరూ ఇరవై నాలుగు.

ఓడ మెట్ల దగ్గర తెల్ల యూనిఫారంలో సెక్యూరిటీ ఆఫీసర్. చేతిలో జాబితా. ఎదురుగా బాబాయ్... నిటారుగా నిలబడి ఉన్నాడు. చేతిలో సీలు వేసిన కవరు.

"సార్! మీ దగ్గరే ఉందా? నా ప్రాణం లేచొచ్చింది!"

"చెప్పానుగా, నేను చూసుకుంటానని." కవరు చొక్కా లోపలికి తోశాడు. "మీరిద్దరూ ఇక్కడే ఆ డ్రైవర్ సంగతి చూడండి. కార్డు నేను భద్రంగా..."

"ఇప్పటికైనా దయచేశారా?" మధ్యలో ఆఫీసర్ అందుకున్నాడు. ఆలస్యంగా వచ్చేవాళ్లని రోజూ చూసి చూసి విసిగిపోయిన మొహం. "మీ బాబాయ్ గారు మధ్యాహ్నం మూడింటి నుంచి నా బుర్ర తింటున్నారు. పిల్లలు ఓడ అందుకోలేరు, లాకర్ తెరవండి, తెరవండి అని. పావుగంట ముందైతే తప్ప ముట్టుకోం అని మూడుసార్లు చెప్పాను!"

మూడింటికా?

మూడింటికి వ్యాన్ నిక్షేపంగా ఉంది. వాళ్లు చల్లారిన భోజనం ముందు కూర్చుని ఉన్నారు. ఆలస్యమవుతుందని ఆమెకే తెలియదు.

మరి ఈయనకెలా తెలుసు?

ఆమె తలెత్తింది. ఇన్‌స్పెక్టర్ ఆమెనే చూస్తున్నాడు. నాటకంలోని బాబాయ్ ఆ కళ్లలో ఎక్కడా లేడు.

ఆమె ఒక్క తోపు తోసింది! సగంరేటు మెట్ల మీద బోర్లా పడ్డాడు.

"ఎక్కు! పాస్ చూపించు!"

వాడు ఓడ పాస్‌ని మెషీన్‌కి ఆనించాడు. బీప్! పచ్చదీపం.

ఆఫీసర్ జాబితాలో టిక్కు పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ వైపు చెయ్యి చాచాడు.

"ప్రయాణికుడు వచ్చేశాడు. కవరు వెనక్కి ఇచ్చేయండి."

"నేను పోలీసుని."

"మంచిది. కవరు ఇవ్వండి."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి నడుం దగ్గరికి వెళ్లింది. ఓడవాళ్ల దగ్గర జమ చేసిన పిస్టల్ దిగేటప్పుడు తీసుకున్నాడు. అది ఇప్పుడు ఆఫీసర్ గుండెకి గురిపెట్టి ఉంది.

ఆఫీసర్ దానివైపు, ఎవరో బయటి తిండి లోపలికి తెస్తున్నట్టు, చిరాగ్గా చూశాడు.

"ఇరవై ముగ్గురు సార్!" ఆమె అరిచింది.

"పోయినవాళ్లు ఎలాగూ పోయారు." ఆయన నవ్వాడు. "ఈ కార్డు లేకపోతే వాడు ఉత్త గుమాస్తా. వాణ్ణి చంపే శ్రమ కూడా దండగ. ఒక్క లింక్ పంపా. తనే దిగి నడిచెళ్లాడు. అలాంటివాడి కోసం నువ్వు చస్తావా?"

వెనక బూట్లు ఆగాయి.

"ఏయ్! కదలకు! చేతులెత్తు!"

గేటు కాపలావాళ్లు. రెండు తుపాకులూ ఆమె వీపుకే గురి. ఆమె అడ్డుగా ఉండటంతో వాళ్లకి ఇన్‌స్పెక్టర్ కనిపించడం లేదు.

ఇన్‌స్పెక్టర్ నవ్వు పెద్దదైంది. "చూశావా? ఇక్కడ నేరస్తురాలివి నువ్వే!"

ఆమె చేతులెత్తింది.

నెమ్మదిగా... చాలా నెమ్మదిగా...

దబ్బున మోకాళ్ల మీద కూలబడింది!

ఆమె తల మీదుగా ఇప్పుడు కాపలావాళ్లకి అంతా కనిపిస్తోంది. తెల్ల యూనిఫారం. దాని మీదికి చాచిన చెయ్యి. చేతిలో పిస్టల్.

ఢాం!!

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

తెరిచింది.

పిస్టల్ రాళ్ల మీద దొర్లుతోంది. ఇన్‌స్పెక్టర్ భుజం పట్టుకుని వెల్లకిలా పడి అరుస్తున్నాడు. చొక్కాలోంచి కవరు జారి గట్టు అంచుకి వెళ్తోంది... కింద నీళ్లు...

కాలు చాపి తొక్కిపట్టింది.

ఆఫీసర్ వంగి ఆమె కాలి కింది నుంచి కవరు లాగాడు. సీలు తిప్పి చూసుకున్నాడు. జేబులోంచి పెన్ను తీసి ఆమె ముందుకి చాచాడు.

"ముట్టినట్టు ఇక్కడ సంతకం పెట్టండి. తొందరగా. ఇంకా మూడు నిమిషాలే ఉన్నాయి."