కాపలా కాసే తోడేళ్ళు

ఆ పరిశోధక విద్యార్థిని గోడు విన్నాక డిటెక్టివ్ కళ్ళద్దాలు తీసి తుడిచాడు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు.

"అంటే చచ్చింది కుందేళ్ళు. అవీ కంప్యూటర్లో చుక్కలు. అంతేనా అమ్మాయ్?"

"నా కంప్యూటర్లో బతికే ఉన్నాయి సార్. తోడేళ్ళు చుట్టూ నిలబడి మందకి కాపలా కాస్తున్నట్టుంటాయి. అలా చెయ్యమని నేనెక్కడా రాయలేదు. అదే ప్రోగ్రాం ప్రొఫెసర్‌గారు నడిపితే, అన్నిటినీ తినేసి తర్వాత ఆకలితో చస్తున్నాయి. నావి దొంగ ఫలితాలని ఫిర్యాదు రాశారు. సాయంత్రం అది కమిటీకి వెళ్తే నా నాలుగేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరే."

"ఇలాంటివి మా బావకి వెన్నతో పెట్టిన విద్య," అన్నాడు అసిస్టెంటు. డిటెక్టివ్‌కి అతను బావమరిది. ఏ కేసుకైనా అదే మాట. పన్నెండేళ్ళుగా ఆ నోటికి తాళం దొరకలేదు.

ప్రొఫెసర్ గదిలో పుస్తకాలు ఎత్తు ప్రకారం నిలబడి ఉన్నాయి, పెన్సిళ్ళు కూడా. రెండు కంప్యూటర్లూ పక్కపక్కన పెట్టించాడు డిటెక్టివ్.

"ఒక్కో అడుగే నడిపించండి."

ప్రొఫెసర్ తెరమీద తోడేళ్ళ ఎర్రచుక్కలన్నీ కదిలాక కుందేళ్ళ తెల్లచుక్కలు కదిలాయి. అమ్మాయి తెరమీద అన్నీ కలగాపులగంగా కదిలాయి.

"ఇది చీమల్ని లెక్కపెట్టడమే బావా."

"పెట్టరా. నోరైనా ఊరుకుంటుంది. ప్రొఫెసర్‌గారూ, మీరీ ప్రోగ్రాం మార్చారా?"

"ఒక్క రూలు కూడా మార్చలేదండీ."

"సర్దారా?"

"ఆ, సర్దాను. ఈ అమ్మాయి చీటీలు తీసినట్టు ఎవరి వంతు ఎప్పుడో తెలియకుండా రాసింది. ముందు తోడేళ్ళు, తర్వాత కుందేళ్ళు అని వరసగా పెట్టాను. అది మార్చడమెలా అవుతుంది?"

డిటెక్టివ్ నుదురు రుద్దుకున్నాడు. ఫిర్యాదు పట్టుకెళ్ళడానికి వచ్చిన గుమాస్తాని కూడా లోపలికి పిలిచి అందర్నీ కూర్చోబెట్టాడు.

"ఆకలేస్తే తోడేలు దగ్గరున్న కుందేలు వెంటపడుతుంది. తిన్నాక అక్కడే కూలబడుతుంది. కుందేలు తోడేలుకి దూరం జరుగుతుంది. ఉన్న రూల్స్ అంతే. వంతులు కలగలిసి ఉంటే చాలా కుందేళ్ళు తప్పించుకుంటాయి. తిని కూలబడ్డ ప్రతి తోడేలూ ఒక కంచె గుంజ. వాటికి జడిసి మిగతా కుందేళ్ళు మధ్యకి చేరి పిల్లల్ని పెడతాయి. మనకి కాపలాలా కనిపించేది అదే. మీరేమో తోడేళ్ళన్నిటికీ ముందు వడ్డించారు. కుందేలు కాలెత్తేలోపే భోజనాలు అయిపోయాయి. హంతకులు మీరే సార్."

వరస తీసేసి ప్రొఫెసర్ కంప్యూటర్లోనే మళ్ళీ నడిపారు. ఎర్రచుక్కలు ఒక్కొక్కటే ఆగాయి. మధ్యలో తెల్లమంద పెరిగింది.

ప్రొఫెసర్ తెర దగ్గరికి వంగాడు. "అయితే ఈ తోడేళ్ళకి తెలివుందన్నమాట."

"లేదు సార్. ఏ ఒక్కదానికీ లేదు. ఆర్నెల్లుగా నేను మొత్తుకుంటున్నది అదే," అంటూ విద్యార్థిని గుమాస్తా చేతిలోంచి ఫిర్యాదు తీసుకుని ఆయన ముందు పెట్టింది. "ఇది తప్పని దీనిమీదే రాసి సంతకం పెట్టండి."