చాక్లెట్ రంగు మొప్పలు

"పన్నెండు దాటితే రెండు లక్షల చేపపిల్లలు చస్తాయి. ఈలోగా విరుగుడు కనిపెట్టు!" సుచిత్ర చౌరస్తాలో మొబైల్ షాపు పైనున్న రహస్య ఆఫీసు నుంచి చీఫ్ రాజారావు గొంతు ఇయర్‌పీస్‌లో గర్జించింది.

ఏజెంట్ దీక్షిత్ చేపపిల్లల బేరగాడి వేషంలో షామీర్‌పేట చెరువుగట్టు మీద నిలబడ్డాడు. టైమ్ పొద్దున పదకొండు. విదేశీ ముఠా ఒకటి మత్స్యకారుల తొట్లలో ఏదో విషం కలిపింది. పన్నెండింటికల్లా తమ మందు కొనడానికి మత్స్యకారుల సంఘం ఒప్పుకొని సంతకం పెట్టాలట. లేకపోతే ముప్పై కుటుంబాల ఏడాది బతుకు నీళ్లపాలు. విరుగుడు ఏదో ఒక రీసెర్చ్ పేపర్లో ఉండే ఉంటుంది. ఏ పేపర్లో?

చేతి వాచీలో ప్రపంచంలోని జర్నల్స్ అన్నీ వెతకొచ్చు. దీక్షిత్ తన ఫైల్లో విషానికి పెట్టిన పేరే కొట్టాడు: 'ఆపరేషన్ నల్లత్రాచు'. ఫలితాలు సున్నా. దేన్నీ అసలు పేరుతో పిలవకపోవడం గూఢచారుల జబ్బు. మన కోడ్‌వర్డ్‌లు శాస్త్రవేత్తలకు ఎవరు చెప్పారు గనుక!

"'చేపల జబ్బు' అని కొట్టండి," అంది యమున, నల్లకళ్లద్దాలు సవరించుకుంటూ. చేపల డాక్టర్‌గా డిపార్ట్‌మెంట్ పంపిన అందగత్తె. కొట్టాడు. అరవై రెండు వేల పేపర్లు! టైమ్ పదకొండున్నర. దీక్షిత్ వాచీ వదిలి తొట్టి వైపు తిరిగాడు.

"లింగం, నువ్వు కళ్లారా ఏం చూశావ్?"

తొట్టి పక్కన కూలబడ్డ మత్స్యకారుడు లింగం ఓ చేపపిల్లను ఎత్తి చూపాడు. "గీ మొప్పలు సూడు సారూ. ఎర్రగుండాలె. చాక్లెట్ లెక్కయినయ్. జల్దీ ఏమన్న జెయ్యి, నా పానం పోతాంది."

"రంగు అనవసరం, వదిలేయండి," అంది యమున. మరీ తొందరగా అంది.

దీక్షిత్ ఆమె వదిలేయమన్నదే పట్టుకున్నాడు. ప్రశ్నను మూడు ముక్కలు చేశాడు: చేప, గోధుమరంగు మొప్ప, విరుగుడు. ఒక్కో ముక్కకూ మారుపేర్లు రాసి వాటి మధ్య 'ఏదో ఒకటి ఉన్నా చాలు' అనే 'ఆర్' పెట్టాడు, ముక్కకూ ముక్కకూ నడుమ 'అన్నీ ఉండాలి' అనే 'అండ్'. మూడు వందల పేపర్లు. మొదటిదాని సారాంశంలోనే ఆ విషానికి శాస్త్రవేత్తలు వాడే పేరు కనిపించింది, నైట్రైట్. రంగు తీసేసి ఆ పేరు పెట్టాడు. పద్నాలుగు!

యమున చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి జారింది. దీక్షిత్ మణికట్టు పట్టి మెలిపెట్టాడు. బుల్లి పిస్తోలు నీళ్లలో పడింది.

"ఇటు డిపార్ట్‌మెంట్, అటు ముఠా, రెండు పడవల మీద కాళ్లు పెడితే ఇంతే మేడమ్," అంటూ బేడీలు వేశాడు.

పదకొండు యాభై ఎనిమిది. మూడో పేపర్లో విరుగుడు దొరికింది, కొలతతో సహా. "లింగం, ఉప్పు! ఈ లెక్క ప్రకారం తొట్లలో కలపండి!" ఎండుచేపల షెడ్డులోంచి బస్తాలు పరుగున వచ్చాయి.

మధ్యాహ్నం రెండు గంటలకు చేపపిల్లలు నీటిపైన నోళ్లు తెరవడం మాని అడుక్కి దిగాయి. సంఘం వాళ్లు ముఠా కాగితాన్ని చింపేశారు. లింగం సంతోషం పట్టలేక ఏడ్చేశాడు. కళ్లు తుడుచుకుని దీక్షిత్‌ను ఎగాదిగా చూశాడు.

"ఉప్పేనా సారూ? గీ ముక్క జెప్పనీకి గంటసేపు గడియారం గెలికితివా?"