అత్త అడగడం ఇంకా అవ్వలేదు

మధ్యాహ్నం స్కూలు హాల్లో వార్డు మీటింగు జరుగుతోంది. ప్రశ్న అడిగేవాళ్ల దగ్గరికి మైకు తీసుకెళ్లే పని బుడంకాయది. పొట్టిగా ఉంటుందని ఆ పిల్లకు అందరూ పెట్టిన పేరు అది. టీచరు ఏరికోరి తననే పిలిచారని పొద్దుటి నుంచీ ఆమె కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ముందు కుట్టుమిషను అత్త లేచింది. బుడంకాయ వాళ్ల పక్కింటావిడే. వీధి మలుపులో మురుగు కాలువ మూత విరిగిపోయిందనీ, పిల్లలంతా అటుగానే బడికి వస్తారనీ చెప్పింది.

"చూద్దాం," అన్నాడు కౌన్సిలరు నవ్వుతూ.

"చూద్దామంటే ఎప్పుడు..." అని అత్త అంటూ ఉండగానే బుడంకాయ మైకు లాగేసుకుంది. వెనక ఇంకా బోలెడుమంది ఉన్నారు మరి. భలే చురుకైన పిల్ల అని కౌన్సిలరు మెచ్చుకున్నాడు. అత్త కాసేపు అలాగే నిలబడి, కూర్చుంది. ఆ తర్వాత ఎవరేమడిగినా 'చూద్దాం' అన్నదే జవాబు.

వానలు మొదలయ్యాయి. కాలువేదో దారేదో తెలియకుండా నీళ్లు నిలిచిన ఒక సాయంత్రం అత్త కొడుకు ఆ కాలువలో పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది.

బుడంకాయ చూడటానికి వెళ్లింది. వాడు కట్టుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త మిషను తొక్కుతూ, కూర్చోమని మాత్రం అంది. తిట్టినా బాగుండేదనిపించింది బుడంకాయకు. ఇంటికొచ్చి, అంతా తన వల్లేనని అమ్మ ఒళ్లో తలపెట్టి ఏడ్చింది.

అమ్మ చాలాసేపు తల నిమిరింది. "మూత వేయించాల్సింది ఆ కౌన్సిలరు, నువ్వు కాదు. కానీ ఆ రోజు అత్త మాట పూర్తి కాలేదమ్మా," అంది.

మళ్లీ మీటింగు వచ్చింది. ఈసారీ మైకు బుడంకాయ చేతిలోనే. మూత ఇంకా వేయలేదు. అత్త మళ్లీ అడిగింది. కొడుకు కాలు గురించి కూడా చెప్పింది.

"అయ్యో పాపం. చూద్దాం," అంటూ కౌన్సిలరు మైకు ఇంకొకరికిమ్మని చెయ్యి ఊపాడు. టీచరూ కళ్లతో సైగ చేశారు.

బుడంకాయ ఆ సైగ చూసింది. అయినా మైకు తీయలేదు.

"అత్త అడగడం ఇంకా అవ్వలేదండీ," అంది.

అత్త ఆమె వైపు ఒకసారి చూసింది. తర్వాత కౌన్సిలరు వైపు తిరిగింది.

"ఎప్పుడు వేయిస్తారు?"

కౌన్సిలరు పక్కవాళ్ల వంక చూశాడు. బుడంకాయకు చెయ్యి నొప్పి పుట్టింది. రెండో చెయ్యి కూడా సాయం పట్టి, మైకు అత్త నోటి దగ్గరే ఉంచి నిలబడింది.